డొమైన్ రిజిస్ట్రార్: చేరే ముందే బయటికి దారి చూసుకోవాలి

వెబ్‌సైటుకి పెట్టుకునే పేరుని (డొమైన్) మనకు అమ్మే సంస్థ రిజిస్ట్రార్. ఒకే డాట్ కామ్ పేరుని ఒకరు మొదటి ఏడాదికి 1 డాలరుకే ఇస్తామంటారు, ఇంకొకరు 11 అంటారు, మరొకరు 20 దాకా అడుగుతారు. ఎవరి దగ్గర కొన్నా ఆ పేరు చివరికి నమోదయ్యేది ఒకే పట్టికలో. మరి ధరల్లో ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోందో అర్థమైతే, ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. మిగతా సగానికి ధరతో పని లేదు. కార్డు చెల్లని రోజున, ఖాతాలోకి ఎవరో చొరబడిన రోజున, ఈ సంస్థతో ఇక పడదు అనుకున్న రోజున మీ పేరు మీ చేతికి ఎంత తేలిగ్గా వస్తుందన్నదే అసలు సంగతి. అందుకే చౌకా కాదా అన్నది అయిదేళ్ల లెక్క వేసి, నమ్మొచ్చా లేదా అన్నది బయటికెళ్లే దారి చూసి తేల్చుకోవాలి.

1 డాలరు వెనక లెక్క

డొమైన్ల వ్యాపారంలో పై అంచెలో ఉండేది రిజిస్ట్రీ, అంటే పేర్ల పట్టికను నడిపే సంస్థ. డాట్ కామ్, డాట్ నెట్ పట్టికలు వెరిసైన్ చేతిలో ఉన్నాయి, డాట్ ఆర్గ్ పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ చేతిలో ఉంది. మనకు అమ్మేవాళ్లు రిజిస్ట్రార్లు. వీళ్లు రిజిస్ట్రీకి టోకు ధర కట్టి, మన దగ్గర చిల్లర ధర తీసుకుంటారు. డాట్ కామ్ లాంటి పేర్లు అమ్మాలంటే వీళ్లకు ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉండాలి. వాళ్ల కింద మళ్లీ వాళ్ల తరఫున అమ్మే రీసెల్లర్లు ఉంటారు. హోస్టింగ్‌తో, అంటే వెబ్‌సైటు ఉంచే సర్వర్ చోటుతో పాటు డొమైన్ కూడా ఇచ్చే చిన్న కంపెనీలు, వెబ్‌సైట్లు తయారుచేసిచ్చే ఏజెన్సీలు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి.

డాట్ కామ్ టోకు ధర 2012 నుంచి 2021 దాకా ఏడాదికి 7.85 డాలర్ల దగ్గరే ఉంది. తర్వాత నాలుగేళ్లు వరసగా ప్రతి సెప్టెంబర్‌లోనూ పెరిగి, 2024 సెప్టెంబర్ 1న 10.26 డాలర్లకు చేరింది. దాని మీద ఐకాన్ రుసుము ఒకటి ఉంటుంది. ఎన్నో ఏళ్లు 18 సెంట్లుగా ఉన్న ఈ రుసుము 2025 జులైలో 20 సెంట్లయింది. రెండూ కలిపితే 10.46. కార్డు కంపెనీకి పోయే కమీషన్, సపోర్ట్ సిబ్బంది జీతాలు దీనికి అదనం.

ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ప్రకటనలు వేరేలా కనిపిస్తాయి. 1 డాలరుకి డాట్ కామ్ ఇస్తున్న సంస్థ మీ పేరు మీద తొమ్మిదిన్నర డాలర్లు సొంత జేబులోంచి పెడుతోంది. అది తిరిగి రావాలి కదా. రెండో ఏడాది రెన్యువల్‌లోనో, మీరు అడగకుండానే బుట్టలో చేరిన అదనపు సేవల్లోనో, హోస్టింగ్ ప్యాకేజీలోనో వస్తుంది. అలా రాబట్టుకోవడం నేరమేమీ కాదు, కానీ ఆ లెక్క మీకు ముందే తెలియాలి.

ఉదాహరణకు రెండు ధరల పట్టికలు తీసుకుందాం. మొదటి చోట తొలి ఏడాది 1 డాలరు, రెన్యువల్ 22, యజమాని వివరాలు బయటికి కనపడకుండా దాచే గోప్యతా సేవకు ఏడాదికి 10. రెండో చోట ఏ ఏడాదైనా 11, గోప్యత ఉచితం. అయిదేళ్లకి మొదటి చోట డొమైన్‌కి 89, గోప్యతకు 50, మొత్తం 139 డాలర్లు. రెండో చోట 55. డొమైన్ ఏడాదికి కొని వదిలేసే వస్తువు కాదు, పేరు నలుగురి నోట్లో పడ్డాక మార్చుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కాబట్టి చూడాల్సింది రెన్యువల్ ధరే. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె కాదు, దాని కింద లేత బూడిద రంగులో ఉన్న అంకె.

డబ్బు కట్టే పేజీని ఒక్కసారి నిదానంగా చదవండి. పేరు పక్కన "2 సంవత్సరాలు" అని ముందే ఎంపికై ఉండొచ్చు. కింద "పూర్తి రక్షణ" అనే వరుస, దాని కింద ఈమెయిల్, ఆ కింద ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడేది), కొన్నిటికి టిక్కు ముందే పెట్టి ఉంటుంది. మామూలు వెబ్‌సైటుకి ఎస్‌ఎస్‌ఎల్ కొనాల్సిన పని లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తోంది. గోప్యతకీ డబ్బు కట్టే రోజులు పోయాయి. 2018 మేలో యూరప్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక చాలామంది రిజిస్ట్రార్లు యజమాని పేరు, చిరునామా, ఫోన్ బహిరంగంగా చూపించడం మానేశారు. నేమ్‌చీప్, పోర్క్‌బన్ లాంటి రిజిస్ట్రార్లు గోప్యతా సేవను ఉచితంగానే ఇస్తున్నాయి. దానికి ఏడాదికి పది డాలర్లు అడుగుతున్నారంటే, మిగతా ధరల విషయంలోనూ వాళ్ల తీరు అలాగే ఉంటుందని అనుకోవచ్చు.

లాభం వేసుకోకుండా టోకు ధరకే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థ 2018లో దీన్ని ప్రకటించింది. అయితే ఒక షరతు ఉంది: డొమైన్ వాళ్ల దగ్గర ఉన్నంతకాలం మామూలు ఖాతాల్లో వాళ్ల నేమ్‌సర్వర్లే (ఆ పేరు కొడితే ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే కంప్యూటర్లు) వాడాలి. ఎలాగూ అవే వాడుతున్నవాళ్లకు ఇంతకన్నా చౌక బేరం దొరకదు. ఆ దారి చూపే రికార్డుల్ని, అంటే డీఎన్‌ఎస్‌ని, ఇంకోచోట పెట్టుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇది కుదరదు, వాళ్లు ఒకటి రెండు డాలర్లు ఎక్కువ పెట్టి స్వేచ్ఛ ఉన్నచోటికి పోవడమే మంచిది.

కొత్త ఎక్స్‌టెన్షన్లది (పేరు చివర డాట్ తర్వాత వచ్చే భాగం) వేరే కథ. డాట్ కామ్‌కి ధర ఎంత పెంచొచ్చో ఒప్పందంలో పరిమితి ఉంది. 2013 చివరి నుంచి వచ్చిన కొత్త తరం ఎక్స్‌టెన్షన్లలో చాలావాటికి అలాంటి పరిమితి లేదు. డాట్ ఆర్గ్‌కి ఉన్నదాన్ని కూడా 2019లో తీసేశారు. కొత్త తరంలో కొనేవాడికి ఉన్న రక్షణ ఒక్కటే: రెన్యువల్ ధర పెంచాలంటే రిజిస్ట్రీ తన రిజిస్ట్రార్లకు 180 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ లోపు పాత ధరకే పదేళ్ల దాకా రెన్యూ చేసుకునే వీలు ఉండాలి. "ప్రీమియం" అని ముద్ర పడ్డ పేరు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ ఎక్కువ ధర ఒక్కసారేనా, ఏటా అంతే కట్టాలా అన్నది ఒక్కో పేరుకి ఒక్కోలా ఉంటుంది. కొనే పేజీలో స్పష్టంగా రాసి లేకపోతే సపోర్ట్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఉచిత డొమైన్ల సంగతి కొద్ది మాటల్లో. డాట్ టీకే లాంటి పేర్లను ఉచితంగా పంచిన ఫ్రీనామ్ 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది, 2024లో డొమైన్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. నిలబడాల్సిన పనికి ఉచిత పేరు పెట్టుకోవద్దు.

పేరు ఎవరి పేరు మీద ఉంది

నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది సపోర్ట్ ఎంత త్వరగా పలుకుతుందన్న దగ్గరే మొదలుపెడతారు. అంతకన్నా ముందు చూడాల్సింది యాజమాన్యం. డొమైన్ రికార్డులో రిజిస్ట్రెంట్ అని ఒక గడి ఉంటుంది. చట్టపరంగా ఆ పేరు ఎవరిదో చెప్పేది అదే. వెబ్‌సైటు చేసిచ్చిన ఏజెన్సీ తన పేరుతో, తన ఈమెయిల్‌తో కొని ఉంటే, బిల్లు మీరు కట్టినా డొమైన్ వాళ్లదే. వాళ్లతో మాట తేడా వచ్చిన రోజున రిజిస్ట్రార్ మీ మాట వినడు, వినడానికి వీల్లేదు కూడా. ఖాతా మీ పేరున తెరిచి, ఏజెన్సీకి పరిమిత అనుమతి ఇవ్వడం సరైన పద్ధతి. ఇలా అనుమతులు పంచే సౌకర్యం ఉందా అన్నది రిజిస్ట్రార్‌ని ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి.

ఇప్పటికే డొమైన్ ఉంటే డొమైన్ రికార్డు చూపించే ఐకాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. 2025 జనవరి నుంచి ఆ రికార్డు చూపే పాత పద్ధతి హూఈజ్ స్థానంలో ఆర్‌డ్యాప్ అనే పద్ధతి వచ్చింది, సమాచారం మాత్రం అదే. రిజిస్ట్రార్ ఎవరో అక్కడ ఉంటుంది. మీరు డబ్బు కట్టిన సంస్థ పేరు కాకుండా వేరే పేరు కనిపిస్తే, మీరు కొన్నది రీసెల్లర్ దగ్గర అని అర్థం. రీసెల్లర్లందరూ చెడ్డవాళ్లేమీ కాదు. కానీ గొలుసులో కొక్కెం ఒకటి పెరిగిందంటే తెగే చోటూ ఒకటి పెరిగినట్టే. 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ వెబ్‌సైటుని దారి మళ్లించినవాళ్లు ఆ పత్రిక సర్వర్లను ముట్టుకోనే లేదు. పత్రిక డొమైన్ ఉన్న రిజిస్ట్రార్ సంస్థకి చెందిన ఒక రీసెల్లర్ లాగిన్ వివరాలు సంపాదించి, అక్కడి నుంచి నేమ్‌సర్వర్లు మార్చేశారు. అదే దాడిలో ట్విట్టర్ ప్రధాన డొమైన్ మాత్రం నిలబడింది, ఎందుకంటే దానికి రిజిస్ట్రీ లాక్ ఉంది. డొమైన్ వేరే చోటికి తరలిపోకుండా రిజిస్ట్రార్ ఖాతాలో మనం వేసుకునే లాక్ వేరు, ఇది వేరు. రిజిస్ట్రీ లాక్ ఉంటే రిజిస్ట్రార్ కంప్యూటర్ నుంచి వచ్చిన ఆదేశం కూడా చెల్లదు, మనుషులు విడిగా నిర్ధారించుకున్నాకే మార్పు జరుగుతుంది. ఖర్చుతో కూడిన పని కాబట్టి చిన్న సైట్లకు అక్కర్లేదు. చెల్లింపులు, వేలమంది లాగిన్లు నడిచే సైటుకి మాత్రం ఇది ఇచ్చే రిజిస్ట్రార్‌నే ఎంచుకోవాలి.

మామూలు సైటుకి కూడా టూ ఫ్యాక్టర్ (లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు రెండో నిర్ధారణ) తప్పనిసరి. ఎస్‌ఎంఎస్ ద్వారా వచ్చే కోడ్ ఒక్కటే ఉంటే చాలదు, అథెంటికేటర్ యాప్ గానీ హార్డ్‌వేర్ కీ గానీ పనిచేయాలి. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఫోన్ పోయిందని చెప్పి ఎవరైనా సపోర్ట్‌కి రాస్తే, వాళ్లు ఏ ఆధారాలు చూసి ఖాతా తెరుస్తారు? 2021 జనవరిలో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషకి సంబంధించిన పెర్ల్ డాట్ కామ్ చేజారినప్పుడు, దొంగ పత్రాలతో రిజిస్ట్రార్‌నే నమ్మించి ఉంటారని దాని నిర్వాహకులు భావించారు. ఖాతా నిజానికి 2020 సెప్టెంబర్‌లోనే చేజారిందని తర్వాత తేలింది. దొంగలు నెలల తరబడి కదలకుండా కూర్చుని, డిసెంబర్‌లో డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి తరలించారు. అన్నాళ్లూ ఏ తేడా కనపడలేదు. డొమైన్‌లో చిన్న మార్పు జరిగినా వెంటనే ఈమెయిల్ పంపే రిజిస్ట్రార్ విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది.

రిజిస్ట్రార్ సంస్థే కూలిపోతే? 2007లో రిజిస్టర్‌ఫ్లై అలాగే కూలింది. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, అక్కడున్న పేర్లను గోడాడీ అనే ఇంకో రిజిస్ట్రార్‌కి తరలించింది. ఈ గొడవ తర్వాతే రిజిస్ట్రార్లు తమ దగ్గరున్న యజమానుల వివరాలను క్రమం తప్పకుండా మూడో సంస్థ దగ్గర భద్రపరిచే ఎస్క్రో ఏర్పాటు ఊపందుకుంది. అందువల్ల గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్ మునిగినా పేరు గాల్లో కలిసిపోదు. అయితే ఎస్క్రోలో ఉండేది రికార్డులోని వివరాలే. ఆ వివరాలు ఏజెన్సీవైతే ఎస్క్రో కూడా మిమ్మల్ని కాపాడలేదు.

గడువు దాటిన రోజు నుంచి ఏం జరుగుతుంది

డొమైన్లు పోయేది హ్యాకర్ల వల్లే కాదు, కట్టని రెన్యువల్ వల్ల కూడా. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే హాట్‌మెయిల్ లాగిన్‌కి వాడే పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యువల్ 35 డాలర్లు కట్టడం మర్చిపోతే హాట్‌మెయిల్ వాడేవాళ్లు ఇబ్బంది పడ్డారు. బయటి ప్రోగ్రామర్ ఒకరు తన కార్డుతో ఆ డబ్బు కట్టారు.

మీ డాట్ కామ్ గడువు మార్చి 10 అనుకుందాం. ఐకాన్ నియమం ప్రకారం రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయాలి, గడువు దాటిన 5 రోజుల్లోపు ఇంకోసారి చెప్పాలి. మార్చి 10న రిజిస్ట్రీ తనంతట తానే పేరుని ఏడాది పొడిగించి రిజిస్ట్రార్ ఖాతాలో వేసేస్తుంది. అందుకే ఆ వారంలో లుకప్ చేస్తే గడువు వచ్చే ఏడాదికి మారినట్టు కనిపిస్తుంది. రెన్యూ అయిపోయింది అనుకుని ఊరుకున్నారో, పేరు పోయినట్టే. ఆ తేదీ రిజిస్ట్రీది. రిజిస్ట్రార్ గడువు తేదీ అని విడిగా ఇంకొకటి ఉంటుంది, చూడాల్సింది దాన్ని.

అక్కడి నుంచి 45 రోజుల దాకా, అంటే ఏప్రిల్ 24 వరకు, బంతి రిజిస్ట్రార్ కోర్టులో ఉంటుంది. కొందరు ఈ వ్యవధి చాలావరకు మామూలు ధరకే రెన్యూ చేయనిస్తారు. కొందరు కొద్ది రోజులకే సైటు ఆపి, ఆ 45 రోజులు నిండకముందే పేరుని వేలానికి పెడతారు. వేలంలో ఎవరైనా గెలిస్తే పేరు నేరుగా వాళ్లకి పోతుంది, తర్వాతి దశలేవీ ఉండవు. వేలం లేకుండా రిజిస్ట్రార్ తొలగిస్తే 30 రోజుల రిడెంప్షన్ మొదలవుతుంది. మే 24 దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ రెన్యువల్ మీద పునరుద్ధరణ రుసుము పడుతుంది, అది ఏడాది ధరకి చాలా రెట్లు ఉంటుంది. ఆ దశలో ఇంకో రిజిస్ట్రార్‌కి మారడం కూడా కుదరదు. తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, మే 29 ప్రాంతంలో పేరు బజార్లో పడుతుంది. దాన్ని క్షణాల్లో పట్టేసేందుకు ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి.

కాబట్టి రిజిస్ట్రార్‌ని ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు వెతకండి: గడువు దాటాక ఎన్ని రోజులు మామూలు ధరకి ఇస్తారు, ఎన్నో రోజున వేలానికి పెడతారు, పునరుద్ధరణకి ఎంత తీసుకుంటారు. ఈ షరతులూ రుసుములూ వెబ్‌సైటులో పెట్టాలన్నది నియమం. వెతికినా దొరకకుండా దాచారంటే అదే మీకు జవాబు.

ఇంకో పొరపాటు చాలామంది చేసేది: డొమైన్ ఖాతాకి అదే డొమైన్‌లోని ఈమెయిల్ ఇవ్వడం. డొమైన్ ఆగితే మెయిల్ ఆగుతుంది, మెయిల్ ఆగితే హెచ్చరికలూ పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రావు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. ఖాతాకి వేరే డొమైన్‌లోని మెయిల్ పెట్టండి.

కొత్తగా కొన్నవాళ్ల సైటు సుమారు రెండు వారాలకి ఆగిపోవడానికి కారణం కూడా ఈమెయిలే. కొన్నాక వచ్చే ధృవీకరణ మెయిల్‌లోని లింకుని 15 రోజుల్లోపు నొక్కకపోతే రిజిస్ట్రార్ డొమైన్‌ని నిలిపివేయొచ్చు. అప్పుడు లుకప్‌లో సాధారణంగా "క్లయింట్ హోల్డ్" అని కనపడుతుంది. హోస్టింగ్‌లో తప్పుందనుకుని గంటలు పోగొట్టుకునే ముందు ఆ మెయిల్ స్పామ్‌లో ఉందేమో చూడండి.

బయటికి వచ్చే పద్ధతి

డాట్ కామ్ లాంటి పేర్లకి రిజిస్ట్రార్ మారే హక్కు నియమాల్లోనే ఉంది. ఆథ్ కోడ్, అంటే డొమైన్‌ని ఇంకో చోటికి మార్చేందుకు కావాల్సిన రహస్య కోడ్, అడిగితే 5 రోజుల్లోపు ఇవ్వాలి. మంచి రిజిస్ట్రార్ దగ్గర అది ఖాతాలోనే ఒక బటన్. సపోర్ట్‌కి ఫోన్ చేస్తేనే ఇస్తామనేవాళ్లు మిమ్మల్ని ఆపే ప్రయత్నంలో ఉన్నారన్నమాట.

మారేటప్పుడు దెబ్బతినేది సాధారణంగా పేరు కాదు, డీఎన్‌ఎస్. పాత రిజిస్ట్రార్ ఇచ్చిన నేమ్‌సర్వర్లు వాడుతుంటే, డొమైన్ వెళ్లిపోగానే వాళ్లు ఆ రికార్డులు తీసేయవచ్చు. వెబ్‌సైటు, మెయిల్ రెండూ పడిపోతాయి. అందుకే ముందు డీఎన్‌ఎస్ మార్చి, తర్వాతే డొమైన్ మార్చాలి. పాత చోట ఉన్న ప్రతి రికార్డునీ కొత్త చోట రాసుకోండి. సైటుకి సంబంధించిన రికార్డులు ఎవరూ మర్చిపోరు, మెయిల్ నిజంగా మీ దగ్గర నుంచే వచ్చిందని చెప్పేందుకు పెట్టిన ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులే జారిపోతాయి. అవి పోతే మెయిల్ వెళ్తూనే ఉంటుంది గానీ అవతలివాళ్ల స్పామ్‌లో పడుతుంది, తెలిసేసరికి వారం గడుస్తుంది. డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ రికార్డులకి డిజిటల్ సంతకం పెట్టే రక్షణ) ఆన్‌లో ఉంటే, ఆ సంతకాల్ని సరిచూసేందుకు వాడే డీఎస్ రికార్డుని పాత రిజిస్ట్రార్ దగ్గర ముందు తీసేసి, ఒక రోజైనా ఆగి, అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చాలి. లేదంటే సంతకాలు కలవక, వాటిని తనిఖీ చేసే నెట్‌వర్కుల్లో మీ సైటు తెరుచుకోదు. డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ సమాచారం 48 గంటల దాకా నిల్వ ఉండొచ్చు కాబట్టి, ఆ రెండు రోజులూ పాత రికార్డులని కదపకండి.

తర్వాత లాక్ తీసి, కోడ్ తీసుకుని, కొత్త చోట ఒక ఏడాది ధర కట్టి ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టాలి. ఆ ఏడాది మీ గడువుకి కలుస్తుంది, డబ్బు వృథా కాదు. పాత రిజిస్ట్రార్ నుంచి వచ్చే మెయిల్‌లో ఒప్పుకుంటే చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది, ఏమీ చేయకపోయినా 5 రోజులకి దానంతట అదే పూర్తవుతుంది.

ఎప్పుడు మారాలన్నదాంట్లో కూడా తేడా ఉంది. కొన్న 60 రోజుల లోపు, ఒకసారి మారిన 60 రోజుల లోపు సాధారణంగా కుదరదు. యజమాని పేరు గానీ ఈమెయిల్ గానీ మార్చినా 60 రోజుల లాక్ పడొచ్చు, కాబట్టి వివరాలు సరిదిద్దడం కొత్త చోటికి వెళ్లాక పెట్టుకోండి. గడువు దాటాక రెన్యూ చేసి వెంటనే మారడం ఇంకో నష్టం. ఆ 45 రోజుల్లో మారితే రిజిస్ట్రీ పాత రిజిస్ట్రార్‌కి డబ్బు తిరిగిచ్చి ఆ ఏడాదిని రద్దు చేస్తుంది, ట్రాన్స్‌ఫర్‌తో వచ్చిన ఏడాది మాత్రమే మిగులుతుంది. పాత చోట మీరు కట్టింది మీకు తిరిగి రావాలంటే వాళ్లని అడిగి తెచ్చుకోవాలి. గడువుకి నెలా రెండు నెలల ముందు మారడం అన్నిటికన్నా సుఖం.

దేశాల ఎక్స్‌టెన్షన్లకి ఈ నియమాలు వర్తించవు, ఒక్కో రిజిస్ట్రీది ఒక్కో పద్ధతి. డాట్ యూకేలో ఆథ్ కోడ్ అన్నదే లేకుండా పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గరుందో చెప్పే ట్యాగ్ మార్చే విధానం నడిచింది. అలాంటి పేరు కొనేముందు ఆ రిజిస్ట్రీ సొంత పేజీ చదవాలి.

ఒకటికి మించి డొమైన్లుంటే అన్నిటినీ ఒకేసారి మార్చకండి. పోయినా బాధలేని ఒక పేరుని ముందు కొత్త రిజిస్ట్రార్ దగ్గరికి పంపి, టూ ఫ్యాక్టర్ పెట్టి, నేమ్‌సర్వర్లు మార్చి, సపోర్ట్‌కి ఒక నిజమైన ప్రశ్న రాసి చూడండి. 60 రోజులయ్యాక అక్కడ ఆథ్ కోడ్ బటన్ నొక్కండి. కోడ్ వెంటనే తెర మీదికి వస్తే, మిగతావి కూడా పంపండి.